పసుపు ఊళ్లకు తెల్ల పన్నుతో

బయల్దేరే ముందు

నా ముందు పన్నులో సగమే నాది. మిగతా సగం మా కంపెనీది. కాలేజీ హాస్టల్లో సోడా సీసా మూతను నోటితో తీసే పందెం వేసి నెగ్గాను. ఆ మొండి పన్నుతోనే పాలిమర్ కెమిస్ట్రీ చదివాను, ఉద్యోగంలో చేరాను, పెళ్లి కూడా చేసుకున్నాను. ఎవరూ పెద్దగా అభ్యంతరపెట్టలేదు. జగిత్యాల వైపు వెళ్లాల్సిన పని పడ్డాకే దాన్ని పూడ్పించాలని తోచింది, అదీ మా సొంత సరుకుతో.

ఆ సరుకేమిటో ముందే చెప్పాలి. పళ్ల డాక్టరు విరిగిన పంటి మీద తెల్లటి మెత్తటి ముద్ద పెట్టి, నీలం లైటు వేస్తాడు. చూస్తుండగానే అది రాయిలా గట్టిపడుతుంది. ఆ ముద్ద మేం తయారు చేస్తాం. అందులో జిగురులాంటి రెసిన్ ఉంటుంది, దానికి బలమివ్వడానికి సిలికా పొడి ఉంటుంది. సిలికా అంటే ఇసుక జాతిదే. కాకపోతే ఆ పొడిలో ఒక్కో రేణువు ఎంత సన్నమంటే మామూలు మైక్రోస్కోపుకు కూడా ఆనదు. నానో కణాలంటారు. ఇసుకకూ జిగురుకూ పడదు కాబట్టి ఒక్కో కణానికీ రసాయనపు పూత వేసి, రెండింటికీ స్నేహం కుదర్చాలి. ఆ పూత వేసే పని నాది. మా అత్తగారు చుట్టాలతో "మా అల్లుడు ఇసుకకు సున్నం కొడతాడు" అని చెబుతుంది. పెద్ద తప్పేం కాదు.

కొత్త సరుకు బయటికి వెళ్లిన కొన్నాళ్లకు జగిత్యాల వైపు నుంచి, ముఖ్యంగా కోరుట్ల, సిరిసిల్లల నుంచి ఒకటే ఫిర్యాదు: ముందు పళ్లకు పెట్టినవి పచ్చబడుతున్నాయని. మా ఆఫీసులో ఎవరూ సరుకును అనుమానించలేదు. "డాక్టర్ల లైట్లు నీరసించి ఉంటాయి, ముద్ద సరిగ్గా గట్టిపడక రంగు పీలుస్తోంది. లేదా అక్కడి వాళ్లు పసుపు ఎక్కువ తింటున్నారు. వెళ్లి చూసి రా" అన్నారు. లైటు బలం కొలిచే అరచేతిలో పట్టే మీటరొకటి ఇచ్చారు. ఆ మీటరూ, అదే సరుకుతో కొత్తగా తెల్లబడ్డ నా పన్నూ సాక్ష్యానికి వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి బయల్దేరాను.

జగిత్యాల

జగిత్యాల దగ్గరపడేసరికి బస్సు కిటికీలోంచి ఒక వాసన వచ్చింది. అల్లాన్నీ తడిమట్టినీ కలిపి ఉడకబెట్టినట్టు ఉంది. చూస్తే చేలల్లో పసుపు కొమ్ములు ఉడకబెట్టి టార్పాలిన్ల మీద ఆరబోస్తున్నారు. మా తణుకు వైపు పసుపంటే పోపులపెట్టెలో ఒక గది, పేరంటాల్లో ఒక భరిణె. ఇక్కడ ఎకరాలకు ఎకరాలు. రంగు పట్టని పన్నని చెప్పుకుని తిరగడానికి నేను ఎంచుకున్న ప్రాంతం ఇది.

డాక్టర్ శ్రీధర్ నాకంటే చిన్నవాడు, మాటకారి. నేను కూర్చోకముందే చాయ్ వచ్చింది. సంగతేమిటో చెప్పేలోపు రెండోది వచ్చింది.

"మా సరుకు ఎక్కువగానే వాడారా?" అన్నాను.

"మస్తు వాడిన సార్."

"పచ్చబడ్డాయా?"

"ఏమో మరి. నేను పెట్టినయన్ని వెనుక పండ్లకే. వెనుక పండ్లు ఎవలు చూస్తరు సార్? పెండ్లాం సుత చూడది."

ఆయన లైటు కొలిచాను. దిట్టంగా ఉంది. ముద్ద ఎంత లోతు దాకా గట్టిపడుతుందో చూపించమన్నాడు. దానికి వాడే గాజు పలక సంచిలో ఎక్కడో అడుగున ఉంది. బద్ధకించి మీటరు కంటి మీదే, అంటే వెలుతురు తాకే గాజు మీదే, చిటికెడు ముద్ద పెట్టి లైటు వేయించాను. గట్టిపడ్డ బిళ్లను గోటితో లేపి ఆయన చేతిలో పెట్టాను. మెచ్చుకున్నాడు. ఆ ఊపులో నా పన్ను కూడా చూపించాను.

"అసలు పన్నే అనిపిస్తది సార్!" అన్నాడు. ఆ ప్రయాణంలో నా పంటికి దక్కిన ఆఖరి మెప్పు అదే.

మధ్యాహ్నం బస్టాండు దగ్గరి మెస్సులో నాటుకోడి కూర, పచ్చిపులుసు, అన్నం. పచ్చిపులుసును కాచరట! చింతపండు రసంలో ఉల్లిపాయా మిరపకాయా పిసికి అలాగే పోసుకుంటారు. మా ఇంట్లో ఇలా పెడితే గ్యాసు అయిపోయిందా అని అడుగుతారు. నేను మూడుసార్లు పోయించుకున్నాను. కోడికూర మాత్రం అచ్చం చేల రంగులోనే ఉంది.

సాయంత్రం లాడ్జి అద్దంలో చూసుకుంటే పంటి అంచున నిమ్మతొక్క రంగు. అద్దం బాగాలేదనుకున్నాను.

కోరుట్ల

కోరుట్ల లాడ్జిలో అద్దం కొత్తది. రంగు మాత్రం అదే, ఇంకాస్త ముదిరింది. నేను నోరు తెరిచి గట్టిగా నవ్వే రకం. ఆ పూట నుంచి పెదవులు మూసి నవ్వడం మొదలుపెట్టాను. అలా నవ్వితే మనిషి చాలా తెలివైనవాడిలా కనిపిస్తాడని తెలిసింది. ఆ పొరపాటు అభిప్రాయమే కొంప ముంచింది.

డాక్టర్ స్వరూప క్లినిక్ బట్టల దుకాణం పైన ఉంది. ముందు ఒక బల్లా నాలుగు కుర్చీలూ, లోపల డాక్టరు కుర్చీ, మధ్యలో పూల తెర. అంతే. లోపల దగ్గితే బయటివాళ్లు మంచినీళ్లు ఇస్తారు. బల్లా కుర్చీలూ వచ్చినవాళ్లతో నిండి ఉన్నాయి. బల్ల మీద రాజవ్వ అనే ఆవిడ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పళ్ల ఆసుపత్రిలో బీడీలేమిటని నేను చూస్తుంటే లోపలి నుంచి డాక్టరే కేకేసింది.

"రాజవ్వా, పొగాకు లోపలికి తేకు అని ఎన్నిసార్లు చెప్పాలె?"

"లోపటికెందుకు తెస్త డాక్టరమ్మా, బయటనే ఉన్న గద! కూసుండి కూసుండి చేతులు దురదవెడ్తయ్."

రాజవ్వ నల్లా దగ్గర జారిపడి ముందు పన్ను విరగ్గొట్టుకుంది. డాక్టరమ్మ మా సరుకుతో దాన్ని నిలబెట్టింది. ఇప్పుడది పచ్చబడింది.

"తెల్లగున్నప్పుడు అద్దంల చూస్కొని మురిసిన సారూ," అంది రాజవ్వ. "ఇప్పుడు మక్కగింజ తెచ్చి అతికిచ్చినట్టున్నది. నవ్వుదామంటె కొంగు అడ్డం వెట్టుకునుడే."

మక్కగింజంటే మొక్కజొన్న గింజ. నేను సానుభూతిగా తలాడించాను. నోరు తెరవలేదు.

స్వరూప నన్ను లోపలికి పిలిచింది. "నేను చేసుడుల ఏమన్న తప్పు జరిగిందా సార్? ఉన్నదున్నట్టు చెప్పుర్రి. నా దగ్గరికచ్చేటోళ్లందరు తెలిసినోళ్లే. ఒక్కలు నమ్మకపోతే వాడకట్టంత రాదు."

ఆమె లైటు మీటరు కంటి మీద పెట్టి నొక్కాను. జగిత్యాలలో వచ్చిన అంకెలో సగం కూడా రాలేదు. మళ్లీ నొక్కాను. అదే. నాకు కలిగిన సంతోషం గురించి రాయాలంటే సిగ్గేస్తోంది. సరుకు నిర్దోషి, నేను నిర్దోషిని, తిరుగు టికెట్ ముందే కొనుక్కోవచ్చు. అలాంటప్పుడు ఊరికే ఉండే అలవాటు నాకు లేదు.

"డాక్టరుగారూ, దీనికంటే మా హాస్టల్ బాత్రూంలో జీరో బల్బు నయమండీ!" అన్నాను.

తెర అవతల అందరూ నవ్వారు. నా జోకుకు అంత మంచి స్పందన వచ్చి చాలా కాలమైంది. రాజవ్వ ఒక్కతే నవ్వలేదని తెర తీశాక గమనించాను. చాటలో చేతులు ఆగిపోయి ఉన్నాయి.

"గంత మాట అంటివేంది సారూ," అంది.

స్వరూప లైటు తన చేతిలోకి తీసుకుంది. "పోయినేడాదే కొన్న సార్" అని మాత్రం మెల్లగా అంది. తర్వాత లైటు ప్లగ్గు పీకి, తీగ చుట్టి, సొరుగులో పెట్టింది. బయటికి వచ్చి, "ఇయ్యాల ఫిల్లింగులు లేవు. లైటు సంగతి తేలినంక నేనే ఫోన్ చేస్త, ఇండ్లకు పోర్రి" అని చెప్పింది. బల్ల ఖాళీ అయింది. వాళ్లు మెట్లు దిగుతూ 'జీరో బల్బు' అనుకుంటూ మళ్లీ నవ్వడం వినిపించింది.

రాజవ్వ డాక్టరమ్మ కోసం టిఫిను డబ్బాలో సర్వపిండి తెచ్చింది. బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ కలిపి, గుండ్రటి గిన్నె లోపల అద్ది కాల్చే రొట్టె అది. పోతూ పోతూ అందులోంచి ఒక ముక్క విరిచి నా చేతిలో పెట్టింది. "తిను, దూరం నుంచి అచ్చినవ్."

మా వైపు ఇంటికొచ్చినవాడు నచ్చకపోతే మంచినీళ్లు ఆలస్యంగా వస్తాయి. ఇక్కడ నచ్చనివాడికి కూడా ముందు పెట్టాలి కాబోలు. బాగుందని చెప్పడానికి కూడా నోరు తెరవలేదు నేను.

సిరిసిల్ల బస్సులో

రుద్రంగి, వేములవాడ మీదుగా వెళ్లే బస్సు. ఆడవాళ్లకు టికెట్ లేదు, మగవాళ్లకు సీటు లేదు. నిలబడి ఊగుతుంటే ఒక పెద్దావిడ సంచీ ఒళ్లోకి తీసుకుని జరిగింది.

"కూసో కొడుకా. ఎటు వోతున్నవ్?"

"సిరిసిల్లండీ."

"నేనూ గాడికే. మా బిడ్డనిచ్చిన ఊరు." ఆవిడ పేరు నర్సవ్వ, ఇల్లు కోరుట్ల. "జర పన్ను సుత చూపిచ్చుకుందామని పోతున్న. కోరుట్లనే చూపిచ్చుకుందును గని, మా డాక్టరమ్మ లైటు ఖరాబైందట."

మీటరున్న సంచీని కాళ్ల కిందికి నెట్టాను. "ఎవరు చెప్పారండీ?"

"ఎవలేంది, ఊరంత చెప్తున్నది! హైదరాబాద్ నుంచి పెద్ద సారచ్చి మిషన్ వెట్టి చూసిండట. 'నీ లైటు కన్న బాత్రూంల జీరో బల్బు నయం' అన్నడట. గంత సదువుకున్నోడు ఉట్టిగనే అంటడా?"

నా జోకును ఎవరైనా మళ్లీ చెబితే, మాటలు అటూ ఇటూ అయ్యాయని సరిదిద్దడం నా అలవాటు. ఆ రోజు సరిదిద్దలేదు.

"డాక్టరమ్మ మంచిదే," అంది నర్సవ్వ తనలో తనే వాదించుకుంటున్నట్టు. "మా అన్న కొడుకు దుబాయిల పన్ను నొచ్చి ఫోన్ల ఏడ్సిండు. ఆమెనే ఫోన్ల గోలీల పేరు చెప్పి తక్కువ చేసింది. ఒక్క రూపాయి తీసుకోలె. మంచిదే గని, లైటు మంచిగ లేకపోతె ఏం జెయ్యాలె?"

రుద్రంగి దాటే దాకా నేను కిటికీలోంచి చూశాను. ఏం చూశానో చెప్పలేను.

సిరిసిల్ల

సిరిసిల్లలో వీధి మలుపు తిరిగితే చాలు, మగ్గాల చప్పుడు. గోడ వెనక ఇల్లంతా పళ్లు కొరుకుతున్నట్టు ఉంటుంది. అది మగ్గాల తప్పు కాదు, ఆ పూట నాకు అన్నీ పళ్లలాగే వినిపించాయి. చాయ్ కొట్టు దగ్గర ఒక నేతపని ఆయన "చక్కెర తక్కువనా ఎక్కువనా అన్నా?" అని నా తరఫున అడిగి, పది రూపాయలు తనే ఇవ్వబోయాడు. ఊరు మర్యాదగానే ఉంది. పెరుగన్నం తిన్నాను, పసుపు లేనిది అదొక్కటే కాబట్టి. చేతులు కాలాక పెరుగు పూసుకున్నట్టు.

అక్కడి డాక్టరు అంజయ్య నిదానస్తుడు. ఆయన క్లినిక్ బల్ల మీద ఎవరున్నారనుకున్నారు? నర్సవ్వ, పక్కన ఆవిడ కూతురు.

"అగో, నువ్వు సుత పన్ను చూపిచ్చుకునుడుకే అచ్చినవా కొడుకా? బస్సుల చెప్పవైతివి!"

నేను జవాబు చెప్పేలోపు డాక్టరు ఎదురొచ్చాడు. "రండి సార్, హైదరాబాద్ కంపెనీ నుంచి మీరే గద? లైట్ టెస్ట్ చేస్తరట!"

నర్సవ్వ నా మొహం వైపు చూసింది. చూస్తూనే ఉంది. "నువ్వేనా గా పెద్ద సారువి?"

మీటరు బయటికి తీశాను. డాక్టరు లైటు పెట్టి నొక్కాడు. కోరుట్లలో వచ్చిన అంకే ఇంచుమించు వచ్చింది.

"గిట్లెట్ల సార్? మొన్ననే డబ్బా విప్పిన. ప్లాస్టిక్ కవర్ సుత ఇంకా పారెయ్యలె" అన్నాడు అంజయ్య.

"ఏంది సారూ," అంది నర్సవ్వ బల్ల మీది నుంచి, "గీ లైటు సుత జీరో బల్బేనా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏం చేయాలో తోచక, కళ్లజోడు తుడుచుకున్నట్టు మీటరు కంటిని చొక్కాకు తుడిచాను. బట్ట పట్టుకుంది. వేలితో తడిమాను. గాజు మీద ఏదో గరుకుగా ఉంది. వెలుతురుకు ఎత్తి ఏటవాలుగా చూస్తే అప్పుడు కనిపించింది, పల్చటి పొర. జగిత్యాలలో మీటరు మీద గట్టిపరిచి గోటితో లేపిన బిళ్ల తాలూకు అడుగు. పైది ఊడి వచ్చింది, కింది పొర అంటుకుని ఉండిపోయింది. గాజులో గాజులా కలిసిపోయే రకం సరుకది. కంటికి కనిపించదని మా బ్రోచర్లో గొప్పగా రాసుకున్నది కూడా దాని గురించే.

అంజయ్య దగ్గర బ్లేడు అడిగి గీశాను. లైటు పెట్టి నొక్కితే అంకె ఒక్క దూకు దూకింది. లైటు దివ్యంగా ఉంది. అంటే కోరుట్లలోనూ దివ్యంగానే ఉండి ఉంటుంది. నేను కొలిచింది నా బద్ధకాన్ని.

గోడకున్న అద్దంలో నా పన్ను కనిపించింది. నిమ్మతొక్క దశ దాటి చాలా దూరం వచ్చింది. దీనికి హైదరాబాదులో మా కంపెనీ వాళ్లు దగ్గరుండి, కొనగలిగిన లైట్లలో ఖరీదైనది వేశారు. అయినా రెండు పూటల కోడికూరకు ఇలా అయిందంటే లైటు తప్పు కాదు, కోడి తప్పూ కాదు. కణాల పూత తప్పు. పూత వేసేదెవరో మొదట్లోనే చెప్పాను.

"గట్లైతది సార్" అన్నాడు అంజయ్య మర్యాదగా. కాదు. అలా అవకూడదు.

జరిగింది నర్సవ్వకు కూడా చెప్పాను. చెప్పక తప్పలేదు, ఆవిడ అడుగుతూనే ఉంది. "స్వరూపగారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను" అని ఫోను తీశాను.

"ఫోన్ల చెప్తవా?" అంది. "మంది ముంగట అన్న మాట ఫోన్ల ఎట్ల వాపస్ తీస్కుంటవ్ సారూ? బల్ల మీద కూసున్నోళ్లు ఇన్నరు గద! గా బల్ల కాడికే పోయి చెప్పాలె."

మా వైపు క్షమాపణలు ఫోన్లో అయిపోతాయి. చదువుకున్నవాళ్లయితే మెసేజీలో చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంటారు. ఫోను జేబులో పెట్టేశాను. ఆవిడ మాత్రం తన పన్ను సిరిసిల్లలోనే చేయించుకుంది. అప్పటికే కుర్చీ ఎక్కింది, మరి.

మళ్లీ కోరుట్ల

మర్నాడు పొద్దున కోరుట్ల బస్సెక్కాను. దారంతా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. కూర్చుకున్నవన్నీ జోకులే అయ్యాయి. ఒక్కొక్కటే కిటికీలోంచి పారేసుకుంటూ వచ్చాను.

బల్ల మీద ఇద్దరే ఉన్నారు. ఒకరు రాజవ్వ, రెండోది ఆమె ఆడబిడ్డ. ఆడబిడ్డ పన్ను పీకించుకోవడానికి వచ్చింది. పీకడానికి లైటు అక్కర్లేదు. చాటలో ఆకులు కత్తిరిస్తున్న రాజవ్వ తలెత్తి, "మళ్ల అచ్చినవా?" అంది.

స్వరూప తెర తీసింది. నేను లోపలికి వెళ్లలేదు. తెర దగ్గరే బల్ల వైపు తిరిగి నిలబడ్డాను.

"డాక్టరుగారి లైటు బాగుంది," అన్నాను. "నా మీటరు మీద నేనే ముద్ద అంటించుకుని, చూసుకోకుండా కొలిచాను. ఆ జీరో బల్బు మాట అబద్ధం. పళ్లు పచ్చబడటానికి కారణం మా సరుకు. డాక్టరుగారి చేతిలో తప్పు లేదు."

"సరుకుకు ఏమైంది?" అంది స్వరూప.

ఆమెకు రసాయనాల పేర్లతోనే చెప్పవచ్చు. కానీ మాట బల్లకు కూడా అందాలి. "రాజవ్వగారూ, సర్వపిండి సరిగ్గా పిసకకపోతే పల్లీలు ఏమవుతాయి?"

"ఊసిపోతయ్. బొక్కలు వడ్తయ్."

"మా సరుకులో ఇసుక కణాలు అంతే. జిగురును సరిగ్గా పట్టుకోలేదు. ఆ సందుల్లోకి నీళ్లు దిగాయి, నీళ్లతో పసుపు దిగింది. పిసకాల్సింది నేను."

రాజవ్వ నన్ను నమ్మినట్టు కనిపించలేదు. ఇక మిగిలింది ఒకటే. రెండు ఊళ్లు దాచుకుంటూ తిరిగిన నోరు తెరిచి, పై పెదవి వేలితో ఎత్తి చూపించాను.

ఆమె చాట పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"ఓయమ్మో! నీది సుత మక్కగింజే!" అని ఆడబిడ్డను పిలిచింది. "ఇగో చూడు, నాకన్న గీ సారుదే పచ్చగున్నది!" కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి నవ్వింది.

స్వరూప నవ్వలేదు. సొరుగులోంచి లైటు తీసి, చుట్టిన తీగ విప్పి, ప్లగ్గు పెట్టి నా చేతికిచ్చింది. కొలిచాను. మళ్లీ కొలవమంది. కొలిచాను. అంకె కనిపించేలా ఫోనులో ఫొటో తీసుకుంది. పచ్చబడ్డవన్నీ మా ఖర్చుతో మళ్లీ చేయిస్తామని చెప్పాను.

"ఏ సరుకుతోని?"

"వేరే కంపెనీది తెప్పిద్దాం," అన్నాను.

స్వరూప ఫోను జేబులో పెట్టుకుంది. "మంచిగైంది, అచ్చి చెప్పిండ్రు. చానమంది రారు సార్." తర్వాత బల్ల వైపు చూపించింది. "గని అప్పుడు ఇన్నోళ్లల్ల ఇయ్యాల ఉన్నది రాజవ్వ ఒక్కతే."

దానికి నా దగ్గర జోకు లేదు. నా పన్ను కూడా తీసి మళ్లీ పెట్టనా అని ఆమే అడిగింది. వద్దన్నాను. మా ఆఫీసులో చూపించాలి. ఇప్పటికీ అలాగే ఉంది.

తిరుగు బస్సు

కోరుట్లలో బస్సెక్కితే పక్క సీట్లో మెట్‌పల్లి పసుపు రైతు. జగిత్యాలలో చుట్టాల ఇంటికి వెళ్తున్నాడు. బస్సు కదలగానే ఆయన వైపు తిరిగాను.

"కోరుట్లలో బట్టల దుకాణం పైన పళ్ల డాక్టరమ్మ ఉందండీ. ఆమె లైటు ఖరాబైందని ఎవరైనా చెబితే నమ్మకండి. చాలా మంచి లైటు."

ఆయన నన్నూ, నా పన్నునూ మార్చి మార్చి చూశాడు. ఒళ్లోని సంచి అవతలి పక్కకు మార్చుకున్నాడు.

"నాకు పండ్ల నొప్పి లేదన్నా," అన్నాడు.

"తెలుసండీ. అయినా చెబుతున్నాను."

"నిన్ను ఎవలడిగిండ్రు మరి?"

ఎవరూ అడగలేదు. జీరో బల్బు మాట చెప్పమనీ ఎవరూ అడగలేదు, అయినా అది నాకంటే ముందే సిరిసిల్ల బస్సెక్కింది. ఈ మాటకు అంత కాళ్లు లేవు, నేనే మోయాలి. జగిత్యాలలో దిగి చాయ్ కొట్టు ఆయనకు చెప్పాను. కరీంనగర్ బస్సులో పక్కనున్న కాలేజీ పిల్లకు చెబితే ఇయర్‌ఫోన్లు తీసి విని, మళ్లీ పెట్టుకుంది. హైదరాబాదులో దిగాక ఆటో డ్రైవరుకు చెప్పాను. ఆయన కోరుట్ల ఎక్కడుందని అడిగాడు.

ఇక్కడిదాకా చదివారు కాబట్టి మీకూ చెప్పినట్టే. ఎప్పుడైనా అటు వెళితే, ఎవరూ అడగకపోయినా సరే, నలుగురున్న చోట ఆ మాట అనండి. లైటు మంచిదే.